సీతాకోకచిలుకల చిత్రకారిణి – మరియా సిబిల్లా మెరియన్

గాజు పైకప్పు కింద మొక్కలు పెంచి, వాటి నడుమ సీతాకోకచిలుకలను స్వేచ్ఛగా ఎగరనిచ్చే ఉద్యానాలు నేడు ప్రపంచంలోని అనేక నగరాలలో ఉన్నాయి. వెలుపల గాలివాన చెలరేగుతున్నా, లోపల సందర్శకులు నిశ్చింతగా తిరుగుతూ పువ్వుపై వాలిన సీతాకోకచిలుకను క్షణంలో కెమెరాలో బంధించగలుగుతారు. ఛాయాచిత్రకళ పుట్టడానికి ఒకటిన్నర శతాబ్దానికి పైగా ముందే, జర్మనీ దేశంలో ఒక బాలిక తన ఇంటి గదినే సీతాకోకచిలుకల ఉద్యానంగా మార్చుకొన్నది. ఆమె చేతిలో కెమెరా లేదు; కుంచె ఉన్నది. క్షణంలో ముగిసే పనికి ఆమె నెలల తరబడి వేచి ఉండవలసి వచ్చింది. ఆ నిరీక్షణ నుండే కీటకశాస్త్రానికి పునాదిరాళ్లలో ఒకటిగా నిలిచిన చిత్రాలు వెలువడ్డాయి. ఆ బాలికయే మరియా సిబిల్లా మెరియన్.

మరియా 1647 ఏప్రిల్ 2న ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో జన్మించింది. తండ్రి మత్తేయుస్ మెరియన్ యూరప్ అంతటా పేరు గడించిన చెక్కుడు చిత్రకారుడు, గ్రంథ ప్రచురణకర్త. రాగి ఫలకాలపై నగర దృశ్యాలను సూక్ష్మంగా చెక్కి ముద్రించడంలో ఆయన సిద్ధహస్తుడు. మరియాకు మూడేళ్లు నిండిన కొద్దికాలానికే ఆయన కన్నుమూశాడు. మరుసటి ఏడు తల్లి యోహన్నా, యాకోబ్ మారెల్ అనే చిత్రకారుని వివాహమాడింది. పూల చిత్రాలు గీయడంలో మారెల్ నేర్పరి. సవతి తండ్రి అయినప్పటికీ ఆయన మరియాలోని ప్రతిభను గుర్తించి, కుంచె పట్టడం, రంగులు కలపడం, రాగి ఫలకాలపై చెక్కడం నేర్పించాడు. ఆడపిల్లలకు చిత్రకళలో శిక్షణ దొరకడం అరుదైన ఆ కాలంలో, ఇంటిలోనే ఆమెకు గురువు లభించాడు.

పూల చిత్రాలకు అందం చేకూర్చడానికి ఆనాటి చిత్రకారులు ఒక మూలన సీతాకోకచిలుకనో, తుమ్మెదనో చిత్రించడం పరిపాటి. అది అలంకారం మాత్రమే. ఆ కీటకం ఎక్కడ పుట్టింది, ఏమి తిని పెరిగింది అనే ప్రశ్న ఆ చిత్రకారులకు అవసరం లేదు. మరియాకు మాత్రం ఆ ప్రశ్నయే ముఖ్యమైనది. 1660లో, పదమూడేళ్ల ప్రాయంలో, ఆమె పట్టుపురుగులను పెంచడం ప్రారంభించింది. గుడ్డు నుండి పురుగు వెలువడటం, ఆకులు తిని పెరగటం, పలుమార్లు కుబుసం విడవటం, తన చుట్టూ దారంతో గూడు అల్లుకొనటం, చివరకు రెక్కల జీవిగా బయటికి రావటం – ఈ దశలన్నింటినీ ఆమె ఓపికగా గమనించింది. పట్టుపురుగులో జరిగే ఈ మార్పు ఇతర గొంగళిపురుగులలోనూ జరుగుతుందని గ్రహించి, తోటలలో, పొలాల గట్లపై దొరికిన పురుగులన్నింటినీ ఇంటికి తెచ్చి పెట్టెలలో పెంచసాగింది.

బురద నుండి, కుళ్లిన పదార్థాల నుండి పురుగులు వాటంతట అవే పుట్టుకొస్తాయనే నమ్మకం నాటి ప్రజలలో బలంగా ఉండేది. ఈ నమ్మకాన్ని ప్రశ్నించే పండితులు కొందరు అప్పుడప్పుడే తలెత్తుతున్నారు. ఇటలీ శాస్త్రవేత్త ఫ్రాన్సెస్కో రెడీ, మాంసంపై ఈగలు గుడ్లు పెట్టనిదే పురుగులు పుట్టవని 1668లో ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందే, ఏ విద్యాలయంలోనూ అడుగుపెట్టని బాలిక తన పెట్టెలలో పురుగుల జీవితచక్రాన్ని గమనించడం మొదలుపెట్టింది. ఆమె పండితులతో వాదానికి దిగలేదు. తాను చూచినదానిని చూచినట్లు చిత్రించింది.

1665లో మరియాకు, మారెల్ శిష్యుడైన యోహాన్ ఆండ్రియాస్ గ్రాఫ్‌తో వివాహం జరిగింది. 1668లో పెద్ద కుమార్తె యోహన్నా హెలేనా జన్మించింది. 1670లో ఆ కుటుంబం న్యూరెంబర్గ్ నగరానికి తరలి వెళ్లింది. అక్కడి చిత్రకారుల సంఘం నియమాల ప్రకారం స్త్రీలు తైలవర్ణ చిత్రాలు వేసి విక్రయించరాదు. మరియా చర్మపత్రంపై నీటిరంగులతో చిత్రించింది. సంపన్న కుటుంబాల కన్యలకు చిత్రలేఖనం, కుట్టుపని నేర్పింది. రంగులు అమ్మింది. ఆ శిష్యురాండ్ర ఇళ్లకు వెళ్లినప్పుడు వారి తోటలలో ప్రవేశించే అవకాశం ఆమెకు దక్కింది. తోటలో దొరికిన పురుగు ఏ మొక్క ఆకు తింటున్నదో గుర్తించి, ఆ మొక్క కొమ్మతో సహా ఇంటికి తెచ్చుకొనేది. 1678లో రెండవ కుమార్తె డొరోతియా మరియా జన్మించింది. పసిబిడ్డల పోషణ, శిష్యుల బోధన, ఇంటి పనులు ఒకవైపు. పెట్టెలలోని పురుగుల పోషణ మరొకవైపు.

ఈ పని ఎంత కష్టతరమైనదో ఆలోచిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కొన్ని జాతుల గొంగళిపురుగులు ఒకే రకపు ఆకును తప్ప మరొకటి ముట్టవు. ప్రతిదినం తాజా ఆకులు తేవాలి. ఆకు వాడితే పురుగు పస్తుంటుంది. కోశస్థ దశలోకి వెళ్లిన పురుగు కొన్ని రోజులలో బయటికి రావచ్చు. శీతకాలమంతా కదలక మెదలక ఉండిపోవచ్చు. వెలుపల వాన కురిసినా, మంచు పడినా పెట్టెలోని జీవితం తన క్రమాన్ని తాను అనుసరిస్తూనే ఉంటుంది. కొన్నిసార్లు ఎదురుచూచిన సీతాకోకచిలుకకు మారుగా గూటి నుండి చిన్న చిన్న ఈగల వంటి కీటకాలు వెలువడేవి. గొంగళిపురుగు శరీరంలో గుడ్లు పెట్టే పరాన్నజీవుల సంతతి అవి. దీనికి కారణమేమిటో మరియాకు స్పష్టంగా తెలియలేదు. అయినా ఆమె వాటిని పారవేయలేదు. అవి వచ్చినట్లుగానే చిత్రించి, వివరాలు రాసి ఉంచింది. తనకు అర్థం కాని సత్యాన్ని కూడా దాచకపోవడం ఆమె పరిశీలనలోని గొప్పతనం.

1675 నుండి ఆమె పూల చిత్రాల సంపుటాలను ప్రచురించింది. కుట్టుపనికి నమూనాలుగా వాటిని స్త్రీలు వాడుకొన్నారు. 1679లో ఆమె జీవితంలోని మొదటి గొప్ప గ్రంథం వెలువడింది. గొంగళిపురుగుల అద్భుతమైన రూపాంతరం, అవి ఆహారంగా స్వీకరించే పుష్పాలు అనేవి ఆ గ్రంథ విషయం. అందులో 50 చిత్ర ఫలకాలు ఉన్నాయి. మరో 50 ఫలకాలతో రెండవ భాగం 1683లో వచ్చింది. ఒక్కొక్క ఫలకంలో ఒక మొక్క. ఆ మొక్కపైనే పురుగు, గూడు, రెక్కల జీవి. తెలిసినంత మేరకు గుడ్లు కూడా. కాలంలో వేరువేరుగా జరిగే దశలన్నీ ఒకే పుటలో కంటికి కనిపిస్తాయి. కీటకాల రూపవిక్రియను ఆమెకు ముందు చిత్రించినవారు లేకపోలేదు. కానీ కీటకాన్ని అది బ్రతికే మొక్కతో కలిపి, రెండింటికీ గల సంబంధాన్ని ఇంత శ్రద్ధగా, ఇన్ని జాతులలో చూపినవారు అరుదు. జీవికీ పరిసరాలకూ గల బంధాన్ని అధ్యయనం చేసే శాస్త్రానికి పేరు కూడా లేని రోజులవి.

1681లో మారెల్ మరణించాడు. తల్లికి తోడుగా ఉండేందుకు మరియా ఫ్రాంక్‌ఫర్ట్‌కు తిరిగి వచ్చింది. కాలక్రమంలో భర్తతో ఆమెకు ఎడబాటు ఏర్పడింది. 1685లో తల్లిని, ఇద్దరు కుమార్తెలను వెంటబెట్టుకొని ఆమె నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్లాండ్ ప్రాంతానికి వెళ్లి, లాబాడీయులు అనే క్రైస్తవ సమాజంలో చేరింది. సొంత ఆస్తిని వదులుకొని, నిరాడంబరంగా జీవించడం వారి నియమం. భర్త అక్కడికి వచ్చి పిలిచినా ఆమె తిరిగి వెళ్లలేదు. ఆ వివాహబంధం కొన్నేళ్లకు విడాకులతో ముగిసింది. లాబాడీయులకు దక్షిణ అమెరికాలోని డచ్చి వలసప్రాంతమైన సురినామ్‌లో ఒక స్థావరం ఉండేది. ఆ సుదూర దేశపు కీటకాలను గురించి మరియాలో కుతూహలం బలపడింది.

1690లో తల్లి మరణించింది. 1691లో మరియా కుమార్తెలతో ఆమ్‌స్టర్‌డామ్ నగరానికి చేరింది. ఆనాడు ఆమ్‌స్టర్‌డామ్ ప్రపంచ వాణిజ్య కేంద్రాలలో ఒకటి. ఓడలపై సుగంధద్రవ్యాలతో పాటు వింత మొక్కలు, పక్షులు, కీటకాలు దిగేవి. సంపన్నులు తమ తోటలలో వేడినిచ్చే గృహాలు కట్టించి ఉష్ణదేశపు మొక్కలను పెంచేవారు. నగర ప్రముఖుల సేకరణ గదులలో వేలాది సీతాకోకచిలుకలు సూదులకు గుచ్చి, వరుసలుగా అమర్చి ఉండేవి. ఆ సేకరణలను చూచే భాగ్యం మరియాకు కలిగింది. వాటి రంగులకు ఆమె మురిసిపోయింది. కానీ తృప్తి పడలేదు. ఆ రెక్కలకు ముందు జీవితం లేదు. ఏ పురుగు ఆ సీతాకోకచిలుకగా మారిందో, ఏ ఆకు దానిని పోషించిందో ఆ పెట్టెలు చెప్పలేవు. ఆ సమాధానం కోసం ఆ జీవులు బ్రతికే చోటికే వెళ్లాలని ఆమె నిశ్చయించుకొన్నది.

అప్పటికి ఆమెకు 52 ఏళ్లు. అట్లాంటిక్ మహాసముద్రంపై సుమారు రెండు నెలల నావికాయానం. పెనుతుపానులు, అంటురోగాలు, సముద్రపు దొంగలు – దేనికైనా సిద్ధపడాలి. కీటకాలను చూడడం కోసం ఒక స్త్రీ సొంత ఖర్చుతో ఇట్టి యాత్ర చేయడం ఆ రోజులలో కనీ వినీ ఎరుగని సంగతి. ఆమె తన చిత్రాలలో 255 విక్రయించి ప్రయాణపు ఖర్చు సమకూర్చుకొన్నది. తిరిగి వస్తానో రానో అని ముందుగానే వీలునామా రాసి, కుమార్తెలను వారసులుగా నియమించింది. 1699 జూన్‌లో ఇరవైయొక్క ఏళ్ల డొరోతియాను వెంటబెట్టుకొని ఓడ ఎక్కింది.

సురినామ్ రాజధాని పారమారిబోలో తల్లీకూతుళ్లు నివాసం ఏర్పరచుకొన్నారు. అక్కడి అడవి ముళ్లపొదలతో దట్టంగా ఉండేది. దారి చేయడానికి గొడ్డళ్లతో మనుషులను ముందు పంపవలసి వచ్చేది. ఎండ తీవ్రత భరించరానిది. వానలు కుండపోతగా కురిసేవి. తెచ్చిన పురుగులను ఇంటిలోని పెట్టెలలో పెంచుతూ, అవి రూపం మారినప్పుడల్లా మరియా చిత్రించేది. తల్లికి డొరోతియా చేదోడువాదోడుగా నిలిచింది. మెరిసే నీలిరంగు సీతాకోకచిలుక రెక్కను భూతద్దంలో చూచినప్పుడు, ఇంటి కప్పుపై వరుసగా పేర్చిన పెంకుల వలె పొలుసులు కనబడ్డాయని ఆమె నమోదు చేసింది. అనాస, కర్రపెండలం, జామ, బొప్పాయి వంటి మొక్కలపై బ్రతికే జీవులను చిత్రించింది. ఒక్క రాత్రిలో చెట్లను మోడులుగా మార్చే చీమలను, కొమ్మ నుండి కొమ్మకు తమ శరీరాలతోనే వంతెన కట్టే వాటి నేర్పును గమనించింది.

ఆ వలసప్రాంతంలో యూరప్ వారికి చెరకు ఒక్కటే లోకం. చెరకు తప్ప మరేదో వెదుకుతున్నదని తోటల యజమానులు మరియాను పరిహసించారు. ఆ చెరకు తోటలు ఆఫ్రికా నుండి బలవంతంగా తెచ్చిన బానిసల చెమటతో, రక్తంతో సాగుతుండేవి. మరియా ఆ వ్యవస్థకు పూర్తిగా వెలుపల నిలిచిన వ్యక్తి కాదు. అడవిలో ఆమెకు దారి చేసినవారు, పురుగులు తెచ్చి ఇచ్చినవారు, మొక్కల ఉపయోగాలు చెప్పినవారు బానిసలు, స్థానిక ఆదివాసులు. వారి సాయాన్ని ఆమె గ్రంథంలో ప్రస్తావించింది. వారి పేర్లు మాత్రం రాయలేదు. అయినా తన చుట్టూ ఉన్న దుఃఖానికి ఆమె కళ్లు మూసుకోలేదు.

తెలుగు నేలపై ఎన్నో ఇళ్ల ముంగిట ఎరుపు, పసుపు రంగులు కలిసి పూచే రత్నగంధి మొక్క సురినామ్‌లోనూ ఉన్నది. మరియా ఆ పూల కొమ్మను, దానిపై బ్రతికే పురుగును చిత్రించింది. చిత్రం ఎంతో మనోహరంగా ఉంటుంది. దాని పక్కన రాసిన వివరణ మాత్రం గుండెను కలచివేస్తుంది. యజమానుల క్రూరత్వాన్ని భరించలేని బానిస స్త్రీలు, తమ కడుపున పుట్టే బిడ్డలకు ఆ బానిస బ్రతుకు వద్దని, ఆ మొక్క విత్తనాలతో గర్భం పోగొట్టుకొనేవారట. ఈ సంగతి ఆ స్త్రీలే తనకు స్వయంగా తెలిపారని ఆమె రాసింది. మరొక చిత్రకారిణి అయితే పువ్వును చూపి ఊరుకొనేదేమో! పురుగును మొక్క నుండి విడదీయని ఆమె, మొక్కను మనుషుల కథ నుండి కూడా విడదీయలేదు.

ఉష్ణదేశపు జ్వరం మరియా ఆరోగ్యాన్ని కుంగదీసింది. 1701 జూన్‌లో ఆమె సురినామ్ వీడి, సెప్టెంబర్‌లో ఆమ్‌స్టర్‌డామ్ చేరుకొన్నది. చిత్రాలతో పాటు, ఎండబెట్టిన మొక్కలు, సారాయిలో భద్రపరచిన జీవులు, ఇంకా విచ్చుకోని గూళ్లు ఆమె వెంట వచ్చాయి. తరువాతి నాలుగేళ్లు వాటిని గ్రంథంగా రూపొందించడంలో గడిచాయి. నేర్పరులైన చెక్కుడు కళాకారులను నియమించింది. ముందుగా చందాదారులను చేర్చుకొన్నది. 1705లో సురినామ్ కీటకాల రూపవిక్రియను వివరించే మహాగ్రంథం డచ్చి, లాటిన్ భాషలలో వెలువడింది. అందులోని 60 ఫలకాలలో ఎన్నో జీవులు వాటి అసలు పరిమాణంలోనే కనిపిస్తాయి. యూరప్ పాఠకులు అంతకు పూర్వం ఎన్నడూ చూడని ప్రపంచం అది.

కీర్తి వచ్చినంతగా ధనం రాలేదు. చిత్రాలు, రంగులు, భద్రపరచిన జీవులు అమ్ముకొంటూ ఆమె జీవించింది. 1715లో పక్షవాతం సోకింది. 1717 జనవరి 13న, 69 ఏళ్ల వయస్సులో, ఆమ్‌స్టర్‌డామ్‌లో తుదిశ్వాస విడిచింది. నగరపు మరణాల పట్టికలో ఆమెను నిరుపేదగా నమోదు చేశారు. ఆ సమయంలోనే రష్యా చక్రవర్తి పీటర్ పక్షాన ఆమె చిత్రాలు పెద్ద సంఖ్యలో కొనుగోలు కావడం విధి వైచిత్రి. గొంగళిపురుగుల గ్రంథం మూడవ భాగాన్ని డొరోతియా ఆ సంవత్సరమే ప్రచురించి తల్లి ఋణం తీర్చుకొన్నది. అనంతరం ఆమె సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లి అక్కడ చిత్రకారిణిగా పనిచేసింది. మరియా పరిశీలనల దినచర్య పుస్తకం కూడా ఆ నగరానికే చేరింది.

జీవులకు శాస్త్రీయ నామకరణ పద్ధతిని స్థిరపరచిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ అనేక జాతులను వర్ణించడానికి మరియా చిత్రాలను ఆధారం చేసుకొన్నాడు. అయితే 19వ శతాబ్దంలో కొందరు ఆమెను శంకించారు. జామ కొమ్మపై పెద్ద సాలీడు ఒకటి హమ్మింగ్ పక్షిని చంపి తింటున్నట్లు ఆమె వేసిన చిత్రం కట్టుకథ అని కొట్టిపారేశారు. తరువాత హెన్రీ బేట్స్ అనే ప్రకృతి శాస్త్రవేత్త అమెజాన్ అడవులలో పక్షులను చంపే సాలీడును కళ్లారా చూచి, 1863లో ప్రచురించిన గ్రంథంలో ఆ విషయాన్ని వెల్లడించాడు. మరియా చిత్రించినవన్నీ దోషరహితమని చెప్పలేము. ఒక జాతి కీటకం తల నుండి వెలుగు వస్తుందని ఆమె రాసినది నిజం కాదని తేలింది. కాని ఆమె పొరపాట్లు కొన్ని. ఆమె చూపిన సత్యాలు అనేకం. 1990ల దశకంలో జర్మనీ ప్రభుత్వం 500 మార్కుల నోటుపై ఆమె ముఖచిత్రాన్ని ముద్రించి గౌరవించింది. 2018లో ఒక సీతాకోకచిలుక జాతికి శాస్త్రవేత్తలు ఆమె పేరు పెట్టారు.

విశ్వవిద్యాలయ పట్టా లేదు, రాజాశ్రయం లేదు, సొంత దేశంలో తైలవర్ణాలు వాడుకొనే హక్కు సైతం లేదు. మరియా మెరియన్‌కు ఉన్నవి పదునైన చూపు, నేర్పైన చేయి, తరగని ఓర్పు. సీతాకోకచిలుక అందాన్ని చూచి ఆనందించేవారు ఎందరో ఉంటారు. ఆ అందానికి ముందు ఆకు అంచున పాకిన పురుగు ఉన్నదని, అది కూడా అంతే శ్రద్ధతో చూడదగినదని గ్రహించేవారు కొందరే. ఆ కొందరిలో ఆమె అగ్రగణ్య. ఒక జీవిని నిజంగా చిత్రించాలంటే దానితో కలిసి కొంతకాలం జీవించాలని ఆమె జీవితం బోధిస్తుంది. చిత్రం తీయడం క్షణకాలపు పనిగా మారిన ఈనాటి యువతరానికి ఈ పాఠం మరింత అవసరం.